గట్టిమేళానికి ముందే చెప్పాలి

పీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర పట్టి ఉంటుంది. పురోహితుడు మంత్రం చదువుతూనే ఒక చూపు గడియారం మీద వేసి ఉంచుతాడు. ముహూర్తం దగ్గరపడగానే చెయ్యి పైకెత్తి, మేళగాళ్ల వైపు తిరిగి 'గట్టిమేళం, గట్టిమేళం' అని కేకేస్తాడు. మరుక్షణం డోలూ సన్నాయీ ఒక్కపెట్టున హోరెత్తిపోతాయి. కూర్చున్నవాళ్లు లేస్తారు, అక్షింతలు గాల్లోకి ఎగురుతాయి, వీడియో లైట్లు భగ్గున వెలుగుతాయి, వెనక వరుసల వాళ్లు ముందుకు తోసుకొస్తారు. ఇంత జరిగినా పెద్దవాళ్లలో ఒక్కరూ ఉలిక్కిపడరు. ఎన్నో పెళ్లిళ్లు చూసిన మెదడు ఆ శబ్దం రాకముందే దాన్ని లెక్కలోకి తీసుకుని సిద్ధంగా ఉంటుంది. మూడో వరుసలో కూర్చున్న ఏడేళ్ల పిల్లవాడు మాత్రం రెండు చెవులూ గట్టిగా మూసుకుని, కేకపెట్టి, కుర్చీ కిందికి దూరిపోతాడు. ఆ పిల్లవాడికి ఆటిజం ఉందనుకుందాం.

చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించేది మొండితనం, లేదా పెంపకంలో లోపం. తల్లి మొహం చిన్నబోతుంది. పిల్లవాణ్ణి చంకనెత్తుకుని బయటికి పరిగెత్తుతుంది. ఆ తర్వాత చాలా కుటుంబాలు శుభలేఖ వస్తే 'మీరు వెళ్లిరండి, నేను వీడితో ఇంట్లో ఉంటాను' అనుకునే స్థితికి వస్తాయి. నా అభిప్రాయంలో ఇది తప్పనిసరి పరిస్థితి కాదు. ఆ పందిరి పిల్లవాడికి కష్టమైనది ముఖ్యంగా రెండు కారణాల వల్ల. తర్వాత ఏం జరగబోతోందో వాడికి తెలియదు. తెలిసినా, భరించలేనప్పుడు లేచి వెళ్లిపోయే వీలు వాడి చేతిలో ఉండదు. ఈ రెండూ పెద్దవాళ్లు మార్చగలిగినవే.

ముందు మెదడు సంగతి చూద్దాం. కళ్లూ చెవులూ అందించినదాన్ని మెదడు ఉన్నదున్నట్టు తీసుకుని ఊరుకోదు. వచ్చే క్షణంలో ఏం రాబోతోందో ముందే అంచనా కట్టి, వచ్చినదాన్ని ఆ అంచనాతో సరిపోల్చుకుంటుంది. సరిపోయినదాన్ని పక్కన పెట్టి, సరిపోనిదాని మీదే దృష్టి పెడుతుంది. మన చేత్తో మనం చక్కిలిగింత పెట్టుకుంటే నవ్వు రాకపోవడానికి కారణం ఇదే. ఆ స్పర్శ ఎప్పుడు, ఎక్కడ తగులుతుందో మెదడుకు ముందే తెలుసు. గదిలో ఫ్యాను చప్పుడు కాసేపటికి వినిపించకుండా పోవడం వెనకా దాదాపు ఇదే పొదుపు ఉంది.

ఆటిజంలో ఈ అంచనా కట్టే పని వేరుగా సాగుతుందేమోనని 2012లో ఎలిజబెత్ పెల్లికానో, డేవిడ్ బర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. పాత అనుభవం కొత్త అనుభూతిని మెత్తబరిచే పని తక్కువగా చేస్తే, ప్రతి శబ్దమూ ప్రతి వెలుగూ పూర్తి పదునుతో తగులుతుందని వాళ్ల వాదన. ఐఐటీ ఢిల్లీలో చదువుకుని అమెరికాలోని ఎంఐటీలో ఆచార్యుడైన పవన్ సిన్హా, తన సహచరులతో కలిసి 2014లో ఇదే దిశలో మరో సిద్ధాంతం చెప్పారు. ముందేం జరగబోతోందో పసిగట్టే శక్తి బలహీనంగా ఉంటే లోకం కారణం లేకుండా మీద పడుతున్నట్టు ఉంటుందనీ, దానివల్లే చేసిందే చేయడం, మార్పును సహించలేకపోవడం వంటివి కలుగుతాయనీ వాళ్లు అన్నారు. ఇవి ఇంకా సిద్ధాంతాల దశలోనే ఉన్నాయి. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని వీటిని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. అయినా ఆటిజం ఉన్న పెద్దవాళ్లు తమ బాల్యం గురించి చెప్పుకునే సంగతులకు ఈ ఆలోచన దగ్గరగా ఉంది. అందుకే నాకిది విలువైనదిగా తోస్తుంది.

ఈ ఆనవాళ్లు మొదటి నివేదికలోనే ఉన్నాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసిన లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలో స్థిరపడింది. పెద్ద చప్పుళ్లకు ఈ పిల్లలు బెదిరిపోవడం ఆయన గమనించాడు. దాంతోపాటు ఇంకొకటి కూడా రాశాడు. ఏ చప్పుడుకైతే పిల్లవాడు భయపడుతున్నాడో, అంత చప్పుడు తానే హాయిగా చేయగలడు. బయటినుంచి ఎవరో వచ్చి తన ఏకాంతంలోకి చొరబడటమే వాడికి గిట్టదని కానర్ దానికి అర్థం చెప్పుకున్నాడు. ఈనాటి కళ్లతో చూస్తే మరో అర్థం కనిపిస్తుంది. తాను చేసే చప్పుడు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో వాడికి తెలుసు. ఇంద్రియాల ఈ తీవ్రత రోగనిర్ధారణ సూత్రాల్లో చేరడానికి మాత్రం 2013లో మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథమైన డీఎస్ఎం అయిదో కూర్పు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

బంధువుల నోట ఎక్కువగా వినిపించే మాట 'నాలుగుసార్లు తీసుకొస్తే అలవాటు పడతాడులే'. ప్రేమతోనే అంటారు. కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో షులమైట్ గ్రీన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధన ఈ మాటను జాగ్రత్తగా వాడమంటుంది. పిల్లలను ఎంఆర్ఐ యంత్రంలో ఉంచి, ట్రాఫిక్ రొద వినిపిస్తూ, చేతికి గరుకు ఉన్నిగుడ్డ రాస్తూ మెదడు స్పందనను చూశారు. ఆటిజంతో పాటు ఇంద్రియ తీవ్రత ఎక్కువగా ఉన్న పిల్లల్లో భయాన్నీ హెచ్చరికనూ చూసుకునే అమిగ్డలా ఎక్కువగా స్పందించింది. అదే చప్పుడు, అదే స్పర్శ మళ్లీ మళ్లీ ఎదురైనా ఆ స్పందన మిగతా పిల్లల్లో తగ్గినట్టుగా తగ్గలేదు. ఆటిజం ఉన్నా ఈ తీవ్రత లేని పిల్లల్లో మాత్రం తగ్గింది. అంటే పిల్లలందరూ ఒకటి కాదు. ఒకరికి అలవాటయ్యేది మరొకరికి ప్రతిసారీ కొత్త దెబ్బే కావచ్చు. పదిసార్లు మేళం పక్కన కూర్చోబెడితే పదకొండోసారి కుదురుకుంటాడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పెళ్లి అంటేనే భయపడటం నేర్చుకునే ప్రమాదమే ఎక్కువ.

శబ్దం లెక్క కూడా తెలుసుకోవాలి. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే మాటలు 60 డెసిబెల్స్ చుట్టూ ఉంటాయి. మేళం పక్కనే నిలబడితే 90 దాటడం వింత కాదు. డెసిబెల్స్ మామూలు కూడికలా పెరగవు. ప్రతి 10కి శబ్దశక్తి పది రెట్లవుతుంది. 60 నుంచి 90కి వెళ్లడమంటే వెయ్యి రెట్లు. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి, కాబట్టి వెనక్కి వెళ్తే ఊరట ఉంటుంది. ఫంక్షన్ హాల్లో అలా కాదు. గోడలూ పాలరాతి నేలా శబ్దాన్ని తిప్పి తిప్పి కొడతాయి. ఆఖరి వరుసకు మారినా పెద్దగా తేడా ఉండదు. తలుపు దాటి బయటికి వస్తేనే తేడా తెలుస్తుంది.

ఇక మనుషుల సంగతి. 'వాడికి మనుషులంటే ఇష్టం ఉండదట కదా' అని అడుగుతుంటారు. ఈ అపోహ చాలా కాలం శాస్త్రజ్ఞుల్లోనూ ఉంది. 2012లో బ్రిటన్‌కు చెందిన డామియన్ మిల్టన్ దీన్ని తలకిందులు చేశాడు. ఆయనకే ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకు మిగతావాళ్ల మనసు అర్థం కాదని అందరూ అంటున్నారు, మిగతావాళ్లకు మాత్రం వీళ్ల మనసు ఎక్కడ అర్థమవుతోంది, అన్నది ఆయన ప్రశ్న. లోపం ఇద్దరి మధ్యా ఉందన్నాడు. 2020లో ఎడిన్‌బరాలో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఒకరు విన్న కథను పక్కవాళ్లకు, వాళ్లు ఆ పక్కవాళ్లకు చెప్పుకుంటూ పోవాలి. గొలుసులో అందరూ ఆటిజం ఉన్నవాళ్లయితే, అందరూ లేనివాళ్లయితే, కథ ఇంచుమించు ఒకే తీరుగా నిలబడింది. ఇద్దరినీ కలిపి కూర్చిన గొలుసులోనే ఎక్కువగా చెదిరిపోయింది.

ఈ మాట పెళ్లింట్లోకి తెచ్చుకుంటే ఎన్నో చిన్న సన్నివేశాలు వేరుగా కనిపిస్తాయి. అత్తయ్య వచ్చి పిల్లవాడి గడ్డం పట్టుకుని తలెత్తి 'నా వైపు చూసి చెప్పు, నేనెవరో చెప్పుకో చూద్దాం' అంటుంది. ఆప్యాయత తప్ప ఆమెలో ఇంకేమీ లేదు. కానీ ఒక్క క్షణంలో వాడి మీద నాలుగు బరువులు పడ్డాయి. చెప్పకుండా తాకిన చెయ్యి, బలవంతంగా కలిపిన చూపు, జవాబు తెలియని ప్రశ్న, చుట్టూ నవ్వుతూ ఎదురుచూస్తున్న జనం. చూపు కలపడం గురించి 2017లో నుషీన్ హజీఖాని బృందం చేసిన పరిశోధన ఒకటుంది. ఎదుటివాళ్ల కళ్లలోకే చూడాలని నియమం పెట్టినప్పుడు ఆటిజం ఉన్నవాళ్ల మెదడు లోపలి భాగాల్లో స్పందన అతిగా పెరిగింది. కళ్లు తిప్పుకోవడం నిర్లక్ష్యం కాదు, ఆ ఉద్రేకాన్ని అదుపులో పెట్టుకునే ఉపాయం. స్పర్శ కూడా అంతే. తేలిగ్గా బుగ్గ నిమరడం కొందరికి మంటలా తగులుతుంది, గట్టి ఒత్తిడి మాత్రం హాయిగా ఉంటుంది. అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ ఈ సంగతిని తన ఒంటి మీదే కనిపెట్టింది. ఎవరైనా కౌగిలించుకుంటే తట్టుకోలేని ఆ అమ్మాయి, అరిజోనాలో తన బంధువుల పశువుల క్షేత్రంలో టీకాలు వేసేటప్పుడు పశువులను రెండు పక్కలా బిగించే చట్రాన్ని చూసి, తనకోసం అలాంటిదే ఒకటి కట్టుకుంది. ఒత్తిడి ఎంత ఉండాలో మీట తన చేతిలోనే ఉండేది.

పలకరింపు విషయంలో మన అదృష్టం ఏమిటంటే, ముట్టుకోనక్కర్లేని మర్యాద మనకు ముందే ఉంది. రెండు చేతులు జోడిస్తే చాలు. ముద్దులూ కౌగిళ్లూ తప్పించి నమస్కారం ఒక్కటి నేర్పితే పిల్లవాడు ఎవరి ముందూ అమర్యాదగా నిలబడడు. చూపు కలపనక్కర్లేదు, మాట రాకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు తయారీ గురించి. అసలు కష్టమంతా, ఫలమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతాను.

మిషిగన్‌లో బడిపిల్లలతో పనిచేసిన కేరల్ గ్రే 1990ల మొదట్లో ఒక పద్ధతి తెచ్చింది. రాబోయే సందర్భాన్ని పిల్లవాడి గొంతులోనే, చిన్న చిన్న వాక్యాల్లో, నిజం తప్పకుండా రాసి ముందుగా చదివి వినిపించడం. ఆమె ఒక విషయంలో గట్టిగా పట్టుబట్టింది. 'ఇలా చెయ్యి, అలా చెయ్యకు' అనే వాక్యాలు తక్కువగానూ, ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అని వివరించే వాక్యాలు ఎక్కువగానూ ఉండాలి. పరిశోధనల్లో దీని ఫలితం పిల్లవాణ్ణి బట్టి మారుతోంది, మంత్రంలా పనిచేస్తుందని చెప్పలేం. కానీ ఖర్చు లేనిది, హాని లేనిది. పిన్ని పెళ్లికి ఇలా రాసుకోవచ్చు:

'శనివారం పిన్ని పెళ్లి. మనం కారులో ఫంక్షన్ హాలుకి వెళ్తాం. అక్కడ చాలామంది ఉంటారు. కొందరు నన్ను పేరు అడుగుతారు. నేను చెప్పొచ్చు, లేదా నమస్తే పెట్టొచ్చు. పంతులుగారు చెయ్యి పైకెత్తుతారు. అప్పుడు మేళం చాలా గట్టిగా వాయిస్తారు. పెళ్లయిందని అందరికీ తెలియడానికి అలా వాయిస్తారు. కాసేపటికి చప్పుడు తగ్గుతుంది. పంతులుగారు చెయ్యి ఎత్తే ముందే నాన్న నాకు హెడ్‌ఫోన్లు ఇస్తాడు. భోజనం ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. నా డబ్బాలో నా పెరుగన్నం ఉంటుంది. నాకు చాలనిపిస్తే పసుపు కార్డు నాన్నకు ఇస్తాను. ఇద్దరం మా గదికి వెళ్తాం.'

ఇందులో ఎక్కడా గడియారం సమయం లేదు. ముహూర్తం తప్ప మన పెళ్లిళ్లలో ఏదీ అనుకున్న వేళకు జరగదు. 'ఒంటిగంటకు భోజనం' అని రాసి రెండున్నరకు పెడితే, అప్పటిదాకా నమ్మిన కాగితం కూలిపోతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రమే రాయాలి. ఆలస్యం కావచ్చన్న సంగతి కూడా వాక్యంగా రాయాలి. చదవడం రాని పిల్లలకైతే బొమ్మలు చాలు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ షాప్లర్ బృందం నడిపిన టీచ్ కార్యక్రమం, చెవితో విన్నదానికన్నా కంటితో చూసిన వరుస ఈ పిల్లల్లో చాలామందికి తేలిగ్గా పట్టుబడుతుందని గుర్తించి, బొమ్మల పట్టికలను ప్రచారంలోకి తెచ్చింది. కారు, హాలు, పీటలు, విస్తరి, మళ్లీ కారు, ఇల్లు. అయిదారు ఫోటోలను వరుసగా అట్ట మీద అంటించి, అయిపోయినదాన్ని తీసేస్తూ పోవాలి. చివర ఇల్లు ఉందని కంటికి కనిపిస్తూ ఉండటం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేం. ఈ మధ్య పాత పెళ్లి వీడియోలు అందరిళ్లలోనూ ఉన్నాయి. తలంబ్రాలేమిటో, బిందెలో ఉంగరం తీయడమేమిటో ముందుగా చూపించవచ్చు. గట్టిమేళం ఘట్టాన్ని మొదట శబ్దం పూర్తిగా తగ్గించి, తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ, ఆపే బటన్ పిల్లవాడి చేతికే ఇచ్చి చూపించాలి. కానర్ గమనించినదాన్ని ఇక్కడ వాడుకుంటున్నామన్నమాట.

బట్టల గురించి వెంటనే తేల్చేద్దాం. జరీ అంచు మెడకు గుచ్చుకునే పట్టు లాల్చీ పిల్లవాణ్ణి గంటల తరబడి గీరుతూనే ఉంటుంది. లోపల ఉతికి మెత్తబడిన నూలు బనియను వేసి, మెడ దగ్గరి లేబుల్ కత్తిరించి, పెళ్లికి ముందే ఇంట్లో రెండు మూడుసార్లు తొడిగి చూడండి. అప్పటికీ వద్దంటే పాత చొక్కాతోనే తీసుకెళ్లండి. ఫోటోలో ఒక చొక్కా రంగు కలవకపోతే పోయేదేమీ లేదు.

హాలుకు ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది తారుమారు చేసే విషయం. జనం నిండాక, అయిపోయే ముందు, కాసేపు తీసుకెళ్దామనుకుంటారు. నిండు హాల్లోకి ఒక్కసారిగా అడుగుపెట్టడమే పిల్లవాడికి అన్నిటికన్నా కష్టం. కుర్చీలు వేస్తున్నప్పుడే వెళితే మెట్లెక్కడో, కుళాయి ఎక్కడో, జనరేటర్ ఎక్కడ మోగుతుందో చూసుకుంటాడు. హాలు తన కళ్ల ముందే కొద్దికొద్దిగా నిండుతుంది. ముహూర్తం అర్ధరాత్రి అయితే మరొకటి ఆలోచించాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నిద్ర సమస్యలు ఉంటాయి. నిద్ర చెడిన రోజున సహనం ఎవరికైనా సగమవుతుంది. రాత్రి ముహూర్తానికి పిల్లవాణ్ణి లేపకుండా, మర్నాడు ఉదయం నలుగురే ఉన్నప్పుడు కొత్త దంపతుల దగ్గరికి తీసుకెళ్లడం ఏ విధంగానూ తక్కువ కాదు.

విడిది గది ఉన్నచోట ఒక మూల అడిగి తీసుకోవాలి. లైటు తగ్గించి, ఇష్టమైన దుప్పటి, బొమ్మ, నీళ్లు అక్కడ పెట్టాలి. పిల్లవాడు రాగానే ముందు ఆ గది చూపించాలి. గొడవ చేశాక తీసుకెళ్లే చోటుగా అది మారకూడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చన్న నమ్మకం కుదిరితే, వెళ్లాల్సిన అవసరమే తగ్గుతుంది. పసుపు కార్డు చేతికిచ్చిన మొదటి రోజుల్లో పిల్లవాడు దాన్ని రెండు నిమిషాలకొకసారి చూపిస్తే విసుక్కోకండి. కార్డు నిజంగా పనిచేస్తుందా లేదా అని పరీక్షిస్తున్నాడు. ప్రతిసారీ లేచి వెళ్లాలి. 'ఇంకో అయిదు నిమిషాలు ఆగు' అని ఒక్కసారి అన్నా కార్డు విలువ పోతుంది, తర్వాత మిగిలేది అరుపే.

చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లలో శబ్దాన్ని అడ్డుకునే రకం ఉంటుంది, పనివాళ్లు కార్ఖానాల్లో వాడేది. మంచిదైతే 20 నుంచి 30 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. రోజంతా వాడితే మామూలు శబ్దాలు కూడా కష్టమయ్యే అవకాశం ఉంది, కాబట్టి మేళానికీ డీజేకీ మాత్రమే పెట్టడం మంచిది.

చేతికో పని ఇవ్వండి. గుమ్మం దగ్గర పన్నీరు చల్లడం, తాంబూలం సంచుల్లో కొబ్బరికాయలు వేయడం, వచ్చినవాళ్లకు చందనం గిన్నె చూపించడం. పని ఉంటే పలకరింపుకు ఒక ఆకారం వస్తుంది. మనిషి వస్తాడు, పన్నీరు చల్లాలి, మనిషి వెళ్తాడు. 'ఏం చదువుతున్నావు, పెద్దయ్యాక ఏమవుతావు' అనే అంతులేని సంభాషణ కన్నా ఇది ఎంతో స్పష్టం. ఇంకో పిల్లవాడికి ఈ పనీ వద్దు, పైన తిరిగే ఫ్యాన్లను లెక్కపెడుతూ కూర్చుంటాడు. కూర్చోనివ్వండి. ఒకే ఆసక్తిలో మనసంతా మునిగిపోవడం ఆటిజంలో ప్రధాన లక్షణమని 2005లో డైనా మర్రే, ఆమె సహచరులు చక్కగా వివరించారు. ఆ ఫ్యాన్లే వాడు ఆ హాల్లో నిలబడగలిగేలా చేస్తున్న ఆధారం కావచ్చు. చేతులు ఆడించడం, ముందుకూ వెనక్కూ ఊగడం కూడా అలాంటివే. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు ఆపకూడదు.

ఇంత చేసినా ఒక్కోసారి కట్ట తెగుతుంది. బొమ్మ కొనిపెట్టలేదని ఏడ్చే పిల్లవాడు మధ్యమధ్యలో మనల్ని చూస్తాడు, బొమ్మ ఇస్తే ఆపేస్తాడు. ఇది అలాంటి ఏడుపు కాదు. కావలసిందల్లా ఇచ్చినా ఆగదు, ఆపడం వాడి వశంలో లేదు. అప్పుడు బుజ్జగించే మాట కూడా మరో శబ్దమే. మాటలు తగ్గించండి. జనాన్ని పక్కకు జరపండి, వీలైతే చీకటిగా ఉన్న చోటికి చేర్చండి. గట్టిగా హత్తుకుంటే కుదుటపడే పిల్లవాడైతేనే హత్తుకోండి, లేకపోతే పక్కన కూర్చోండి. ఎందుకలా చేశావని అప్పుడు అడగవద్దు, ఇంటికెళ్లాక తిట్టవద్దు. కొందరు పిల్లలు అరవరు. మాట ఆగిపోయి, కదలకుండా గోడకు ఆనుకుని ఉండిపోతారు. బుద్ధిగా కూర్చున్నాడని మెచ్చుకుంటాం కానీ అదీ అదే స్థితి.

ఆడపిల్లల విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. పట్టుపరికిణీ కట్టుకుని, మిగతా పిల్లలు నవ్వినప్పుడు నవ్వి, వాళ్లు చేసిందే చేస్తూ పెళ్లంతా గడిపేసిన పదేళ్ల అమ్మాయి, ఇంటికి రాగానే కారణం లేకుండా రెండు గంటలు ఏడుస్తుంది. లోపలిది దాచిపెట్టి మిగతావాళ్లలా కనిపించడానికి చేసే ఈ ప్రయత్నాన్ని లారా హల్ బృందం 2017లో వివరంగా నమోదు చేసింది. అందులో మాట్లాడిన పెద్దవాళ్లు, ఆ నటన తర్వాత విపరీతమైన అలసట వస్తుందని, తామెవరో తమకే తెలియకుండా పోతుందని చెప్పారు. అందుకే పందిట్లో పిల్లలు ఎంతసేపు కూర్చున్నారన్న లెక్కతో విజయాన్ని కొలవకూడదని నేను గట్టిగా అంటాను. ఇరవై నిమిషాలుండి, ఒక లడ్డూ తిని, నవ్వుతూ కారెక్కితే ఆ పెళ్లికి వెళ్లినట్టే. మర్నాడు ఏ పనీ పెట్టకుండా ఖాళీగా వదలాలి.

ఇంకొక విషయం భయపెట్టడానికి చెప్పడం లేదు, తప్పక తెలిసి ఉండాలి. 2012లో అమెరికాలో పీడియాట్రిక్స్ పత్రిక ప్రచురించిన ఒక సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా చెప్పకుండా బయటికి వెళ్లిపోయే ప్రయత్నం చేశారని తల్లిదండ్రులు చెప్పారు. ఇలా వెళ్లిపోయిన పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు నీళ్లే. మన ఫంక్షన్ హాళ్లు చాలామటుకు హైవేల పక్కన, ఊరిచివర చెరువుల దగ్గర ఉంటున్నాయి. ముప్ఫైమంది బంధువులు చూసుకుంటున్నారనుకున్నప్పుడే ఎవరూ చూడరు. కాబట్టి గంటకొకరు చొప్పున పేరు పెట్టి బాధ్యత అప్పగించాలి. 'ఇప్పటినుంచి బావ చూస్తాడు' అని నోటితో చెప్పి చెయ్యి అందించాలి. చొక్కా లోపల ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క కుట్టాలి. దాహం, మూత్రం వంటి శరీరం లోపలి సంకేతాలు కూడా కొందరికి ఆలస్యంగా తెలుస్తాయి. చూసుకునేవాళ్లే గుర్తుపెట్టుకుని నీళ్లివ్వాలి, బాత్రూముకు తీసుకెళ్లాలి.

తల్లి మీద పడే నింద గురించి రాయకుండా ఈ అధ్యాయం ముగించలేను. ఒకప్పుడు ఈ నింద శాస్త్రం పేరుతోనే సాగింది. తల్లుల్లో ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని బ్రూనో బెటిల్‌హైమ్ 1967లో పెద్ద పుస్తకమే రాశాడు. దానికి మూడేళ్ల ముందే, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి, స్వయంగా మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్, ఇది పుట్టుకతో వచ్చే నాడీ సంబంధమైన తేడా అని ఆధారాలతో చూపించాడు. ఇంత జరిగి అరవై ఏళ్లు దాటినా, భోజనాల బంతిలో 'మీరు ఫోన్ ఎక్కువ చూపించారేమో', 'మీరు మాట్లాడించరేమో' అంటూనే ఉన్నారు. ప్రతివాళ్లకూ పాఠం చెప్పే ఓపిక తల్లికి ఉండనక్కర్లేదు. 'వాడికి ఆటిజం ఉంది పెద్దమ్మా, చప్పుడు ఎక్కువైతే కష్టం. కాసేపాగి తనే వస్తాడు' అని చెప్పి ముందుకు కదిలితే చాలు. ఆ మాట తండ్రి నోటి నుంచి వస్తే ఇంకా మంచిది.

చుట్టూ ఉన్నవాళ్లు సర్దుకుంటే జీవితం ఎలా ఉంటుందో కానర్ నివేదికలోని మొదటి పిల్లవాడే చూపించాడు. డోనాల్డ్ ట్రిప్లెట్ 1933లో మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పెద్దయ్యాక ఆ ఊరి బ్యాంకులోనే ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కుటుంబానికి డబ్బూ పలుకుబడీ ఉండటం కలిసొచ్చిన మాట నిజమే. కానీ ఆయన తీరును ఊరంతా తమదిగా ఒప్పుకుందన్నది కూడా అంతే నిజం.

కాబట్టి చివరి మాటలు పెళ్లి చేసేవాళ్లకు. 2018లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే దేశంలో ఐదు ప్రాంతాల్లో జరిగింది, వాటిలో హైదరాబాదు ఒకటి. 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం వంటి ఏదో ఒక నాడీవికాస సమస్య ఉందని తేలింది. అయిదువందల మందిని పిలిస్తే అలాంటి పిల్లలు తప్పకుండా మీ అతిథుల్లో ఉంటారు, ఎవరికీ తెలియకుండా ఇంట్లోనే ఉండిపోతే తప్ప. శుభలేఖ ఇస్తున్నప్పుడే 'బాబుకి ఏం వీలుగా ఉంటుంది వదినా' అని అడగండి. గుమ్మానికి దగ్గరగా రెండు కుర్చీలు ఉంచండి. వీడియో తీసేవాళ్లకు ఆ పిల్లవాడి మొహం మీద లైటు వేయవద్దని చెప్పండి. చెవుల దగ్గర పేలే కాగితాల పటాకులు లేకపోయినా పెళ్లి అవుతుంది. బంతి మొదలవడానికి పావుగంట ముందు ఒక మూల విస్తరి వేసి, అన్నమూ పప్పూ కలవకుండా వేరువేరుగా వడ్డించమంటే వంటవాళ్లు కాదనరు. వాళ్లకు ముందుగా ఎవరో ఒకరు చెప్పాలంతే.